హుద్‌హుద్ తర్వాత మూయని గది

విజయనగరంలో మా వీధి పెద్దల కేంద్రం ఎలా పుట్టిందో మొన్న ఆదివారం అక్కడివాళ్ళ నోటే విన్నాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు. పిల్లలేమో హైదరాబాదులోనో, అమెరికాలోనో. ఫోన్లు కలవవు. రిటైరైన మాస్టారొకరు తన వీధిగది తెరిచి, ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళందరికీ ఒకే గిన్నెలో గంజి కాయించారట. కరెంటొచ్చినా జనం రావడం మానలేదు. పేపర్లు, చదరంగం, బీపీ మిషను తర్వాత చేరాయి. జీతానికి ఒక్కరూ లేరు, తాళంచెవి వంతుల మీద తిరుగుతుంది. (ఆ వంతుల తగువులు ఇంకో పోస్టుకి సరిపడా ఉన్నాయి.)

నన్ను కట్టిపడేసింది మాత్రం మూల బల్ల. రెవెన్యూలో చేసి రిటైరైన ఒకాయన అక్కడ కూర్చుని, తల్లిదండ్రుల పోషణకోసం 2007లో వచ్చిన చట్టం కింద అర్జీలు ఉచితంగా రాసిపెడతారు. ఆ చట్టంలో భరణానికి నెలకి 10,000 రూపాయల పరిమితి పెట్టారు. ఈ రోజుల్లో మందులకే చాలదు, అది వేరే సంగతి. అయినా చాలామంది సంతకం దగ్గరే ఆగిపోతారట. "కన్నకొడుకు మీద ఎలాగ పెడతాను బాబూ?" అని ఓ మామ్మ కాగితం మడిచి రొంటిన దోపుకుందట. ఆయన బలవంతపెట్టలేదు, ఆ కొడుక్కే ఫోన్ చేశారు.

"డబ్బు పంపాడా?" అనడిగాను.

"ఫోనైతే ఎత్తుతున్నాడు" అన్నారు.

గోడ మీద పెద్ద అంకెల్లో 14567 అని రాసుంది, పెద్దల హెల్ప్‌లైన్. ఫోన్ నొక్కడం రానివాళ్ళకి ఆయనే కలిపి ఇస్తారు.