కాగితం మడిస్తే దొరికిన ప్రతిబింబం

ఇంటర్ మొదటి సంవత్సరంలో రేఖ దృష్ట్యా బిందువు ప్రతిబింబం కనుక్కునే సూత్రం నాకు నోటికి వచ్చు. అయినా యూనిట్ టెస్టులో ఆ లెక్కకు సున్నా వచ్చింది. ఎక్స్ + 2వై = 4 రేఖ, (4, 5) బిందువు. నా జవాబు (−16/5, −47/5).

మాది కర్నూలు. ఆ రాత్రి డిగ్రీ చదివే మా అక్కకు పేపర్ చూపించాను. ఆమె సూత్రం ఊసే ఎత్తలేదు. గ్రాఫ్ కాగితం మీద రేఖ గీయించి, (4, 5) దగ్గర ఇంకు చుక్క పెట్టించి, అది ఆరకముందే రేఖ వెంబడి మడవమంది. విప్పితే అవతల ఇంకో చుక్క, (0, −3) దగ్గర.

"రెండు చుక్కలూ కలుపు" అంది. కలిపిన గీత రేఖకు లంబంగా ఉంది. దాన్ని సరిగ్గా మధ్యలో, (2, 1) దగ్గర దాటింది.

"చూసినావా? లంబంగా ఉండాల, మధ్యబిందువు రేఖ మీద పడాల. అంతే రా."

అప్పుడు మళ్లీ సూత్రం పట్టుకున్నాను. ముందు 4ను ఎడమకు తేవాలి: ఎక్స్ + 2వై − 4 = 0. బిందువును ప్రతిక్షేపిస్తే 4 + 10 − 4 = 10. గుణకాల వర్గాల మొత్తం 5. −2 × 10/5 = −4. దాన్ని ఎక్స్ గుణకం 1తో గుణించి 4కు కలిపితే 0, వై గుణకం 2తో గుణించి 5కు కలిపితే −3. ఇంకు పడ్డ చోటే! ఆ 2 ఎందుకో కూడా అర్థమైంది. రేఖ దాకా ఒకసారి, అవతలికి అంతే దూరం ఇంకోసారి. −2 బదులు −1 వేస్తే రేఖ మీదే ఆగిపోతాం, లంబపాదం (2, 1) వస్తుంది.

మరి నా తప్పెక్కడ? నా జవాబుకు మధ్యబిందువు తీసి ఎక్స్ + 2వైలో వేస్తే 4 రావాల్సిన చోట −4 వచ్చింది. పక్క మార్చేటప్పుడు గుర్తు మార్చలేదు, అందుకే వేరే రేఖలో ప్రతిబింబం వెతికాను. అర నిమిషం సరిచూసుకుని ఉంటే అక్కడే దొరికేది. ఆ తర్వాత ఏ లెక్కకూ మధ్యబిందువు చూడకుండా పేపర్ ఇవ్వలేదు.

అక్క ఇంకో లెక్క ఇచ్చింది. సుంకేసుల ఆనకట్ట నుంచి వచ్చే కేసీ (కర్నూలు–కడప) కాలువ తిన్నగా పోతోంది అనుకో. ఇల్లూ చేనూ ఒకే గట్టు వైపు ఉన్నాయి. ఇంటి నుంచి బయల్దేరి, కాలువలో బిందె ముంచుకుని చేనుకు పోవాలి. నడక తక్కువ కావాలంటే ఎక్కడ ముంచాలి? ఈసారి సూత్రం జోలికి పోలేదు. ఇంటి ప్రతిబింబాన్ని కాలువ అవతల పెట్టి, అక్కడి నుంచి చేనుకు తిన్నగా గీత గీశాను. అది గట్టును దాటిన చోటే ముంచాలి. గట్టు మీద ఏ చోటికైనా ఇంటి నుంచీ, దాని ప్రతిబింబం నుంచీ దూరం ఒకటే, తిన్నని గీత కన్నా దగ్గర దారి లేదు కదా.