పాటు వేళను బట్టి ఒక పగలు: నీల్ ద్వీపంలో తీర పరిశీలన

విశాఖపట్నం తెన్నేటి పార్కు కింది రాళ్ల మధ్య, పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, నిలిచిపోయే నీటిమడుగుల్లోని జీవులను చూడటం, ఫొటోలు తీసి నోటుపుస్తకంలో రాసుకోవడం కొంతకాలంగా నా వ్యాపకం. ఈ మార్చిలో కుటుంబమంతా అండమాన్ వెళ్లాలని నిర్ణయించుకున్నప్పుడు, ఒక పగలంతా నీల్ ద్వీపంలో గడుపుదామని అడిగాను. 2018 చివర దీని పేరు షహీద్ ద్వీప్‌గా మారింది కానీ అక్కడి ఆటోవాళ్లు కూడా ఎక్కువగా నీల్ అనే అంటున్నారు.

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుపోట్ల తేడా ఎక్కువగా ఉంటుందని తీరప్రాంతంలో పెరిగినవారికి చెప్పనక్కరలేదు. అయితే నీరు ఏ వేళకు బాగా తగ్గుతుందన్నది రేవును బట్టి మారుతుంది. అండమాన్‌లో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఆ వేళలు ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటాయి. అక్కడ పౌర్ణమి నాటి వేకువ పాటు బాగా చీకటి ఉండగానే వచ్చిపోతుంది. రెండు మూడు రోజులు ఆగితే అది సూర్యోదయం దగ్గరకు జరుగుతుంది, నీటి తేడా కూడా అప్పటికి పెద్దగా తగ్గదు. అందుకే పోర్ట్ బ్లెయిర్ ఆటుపోట్ల పట్టికను, ఇంట్లోని పంచాంగాన్ని పక్కపక్కన పెట్టుకుని బహుళ తదియను ఎంచుకున్నాను. పోర్ట్ బ్లెయిర్ నుంచి నీల్‌కు ఫెర్రీలో సుమారు రెండు గంటల ప్రయాణం. ఉదయం బయలుదేరి చేరుకునేసరికి నీరు మళ్లీ పైకి వచ్చేస్తుంది కాబట్టి ముందు రాత్రే ద్వీపంలో బస చేశాము.

గడియారం మనదే అయినా ద్వీపం చాలా తూర్పున ఉన్నందున మార్చిలో ఐదున్నర కాకముందే తెల్లవారుతుంది. మేము ఆ వెలుగుతోపాటే లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌కు చేరుకున్నాము. అక్కడ పగడపు రాయి కోసుకుపోయి సహజంగా ఏర్పడిన పెద్ద కమాను ఉంది. పర్యాటకులందరూ దాని ముందు ఫొటో తీయించుకుని వెళ్లిపోతారు కానీ, అసలు చూడవలసినది దాని చుట్టూ పరచుకున్న మడుగులనేనని నా అభిప్రాయం. నాచుపట్టిన రాళ్ల మీద చెప్పులు నిలవవు గనుక అందరికీ గట్టి పట్టున్న పాత కాన్వాసు బూట్లు తెచ్చాము. అమ్మకు మోకాళ్ల నొప్పి ఉంది. ఆమెను ఇసుక ఉన్న దారి వెంటే నడిపించి, మొదటి పెద్ద మడుగు పక్కన మడత కుర్చీ వేశాము. ఆ ఒక్క మడుగులోనే ఆమె నల్లటి సముద్ర దోసకాయలు (దోసకాయ ఆకారంలో ఉండే మెత్తటి జీవులు) ఇసుకను మింగి, అందులోని ఆహారాన్ని తీసుకుని, మిగిలిన ఇసుకను చిన్న చిన్న ఉండలుగా వదలడాన్ని చాలాసేపు ఓపికగా చూసింది.

నా వరకు ఈసారి ముందడుగు పడింది ఫొటోలలోనే. మడుగు మీద ఆకాశం ప్రతిఫలించి లోపలిది కనబడకపోవడం ఈ పనిలో పెద్ద ఇబ్బంది. నిటారుగా పైనుంచి తీసేటప్పుడు నల్లగొడుగు అడ్డుపెడితే ప్రతిబింబం పోతుంది, అమ్మకు నీడగా తెచ్చిన గొడుగే అందుకు సరిపోయింది. కానీ రాతిలో ఒదిగి ఉన్న జెయింట్ క్లామ్ అనే పెద్ద ఆల్చిప్ప దగ్గర ఆ పద్ధతి పనికిరాదు. నీలం, ఆకుపచ్చ మచ్చలతో మెరిసే దాని మెత్తటి అంచు పొడవునా సూదిమొన లాంటి కళ్లు వందల్లో ఉంటాయి. పాప తల నీడ పడగానే అది చటుక్కున ముడుచుకుంది, కొంతసేపటికి కొద్దికొద్దిగా విచ్చుకుంది. అక్కడ నీడ పడని వైపు కూర్చుని, కెమెరాకు ప్రతిబింబాన్ని తగ్గించే పోలరైజర్ అనే ఫిల్టరు బిగించి, నీటిమట్టానికి 35-40 డిగ్రీల ఏటవాలులో తీస్తే రంగులు స్పష్టంగా వచ్చాయి. పోలరైజర్ ఆ కోణంలో బాగా పనిచేస్తుంది, నిటారుగా చూస్తే దాదాపు పనిచేయదు.

పిల్లలకు ముందే ఒక నియమం చెప్పాము: చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి. శంకు ఆకారపు కోన్ నత్తల కాటు ప్రాణాంతకం కావచ్చు. అవి చూడటానికి ఎంతో అందంగా ఉంటాయి కాబట్టి ఈ జాగ్రత్త తప్పనిసరి. బతికున్న పగడాన్ని తొక్కకూడదు. పగడాలకు, సముద్ర దోసకాయలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది కనుక, ఒడ్డున దొరికిన చచ్చిన పగడపు ముక్కను సైతం సంచిలో వేసుకోరాదు. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు విస్తారంగా రంగు కోల్పోయి తెల్లబడి దెబ్బతిన్నాయి. మిగిలినవాటిని చూస్తున్నప్పుడు ఒక్క అడుగు వేయాలన్నా ఆలోచించాలనిపిస్తుంది.

ఎనిమిది కాకముందే నీరు మడమలకు తగలడం మొదలైంది, ఎండ కూడా ముదిరింది. ఉప్పు, పంచదార కలిపిన నిమ్మరసం రెండు సీసాలు అప్పటికే ఖాళీ. పదకొండు నుంచి మూడు వరకు గది దాటలేదు. ఆ తేమలో పిల్లలను, పెద్దలను తిప్పడం మంచిది కాదు. ఆ వ్యవధిలో ఉదయం ఫొటోలను వేళ, మడుగు లోతు, అడుగున ఇసుకా రాయా అన్న వివరాలతో నోటుపుస్తకంలో ఎక్కించాను. సాయంత్రం భరత్‌పూర్ బీచ్‌లో పిల్లలు ఆడుకున్నారు, ఐదున్నరకు సూర్యాస్తమయం అయింది.

సముద్ర దోసకాయలను, సన్యాసి పీతలను ఇప్పుడు కొంత నమ్మకంగా గుర్తించగలుగుతున్నాను. రాళ్ల సందుల్లోంచి చేతులు మాత్రమే బయటపెట్టే, నక్షత్రచేపల్లాంటి బ్రిటిల్ స్టార్లను మాత్రం ఇంకా జాతులుగా విడదీయలేకపోతున్నాను. వచ్చే అమావాస్య పాటుకు తెన్నేటి పార్కు దగ్గర వాటిమీదే పని చేయాలని, ఒక్కొక్క చేతిని దగ్గరగా తీయడానికి మాక్రో లెన్సు తీసుకువెళ్లాలని రాసుకున్నాను.