కరెంటు రైలు పొగ ఎక్కడ వస్తుంది?

విజయవాడ నుంచి హైదరాబాద్‌కు విమానంలో గంట ప్రయాణమే కదా, అంత కొద్ది దూరానికి కాలుష్యం ఏపాటిదని, రైలెక్కమని నేనన్నప్పుడల్లా మా బాబాయి అంటుంటారు. దూరం తక్కువ కావడమే అసలు చిక్కు. విమానం ఇంధనాన్ని ఎక్కువగా తాగేది నేల విడిచి పైకెక్కేటప్పుడు. దూర ప్రయాణంలో ఆ ఖర్చు వేల కిలోమీటర్లకు సర్దుకుంటుంది గానీ, గన్నవరంలో లేచి శంషాబాద్‌లో వాలే విమానం ఎక్కడం ముగిసిన కాసేపటికే దిగడం మొదలుపెడుతుంది. ఒక కిలో విమాన ఇంధనం కాలితే గాలిలోని ఆక్సిజన్ కూడా కలిసి 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఇంత దగ్గరి దూరాలకు జెట్‌ల కన్నా ప్రొపెల్లర్లతో నడిచే ఏటీఆర్ విమానాలు పొదుపైనవన్న మాట మాత్రం ఒప్పుకోవాలి.

"కరెంటు రైలు పొగ ఇబ్రహీంపట్నంలో రావడం లేదా?" అన్నది ఆయన రెండో ప్రశ్న. ఇది గట్టి ప్రశ్నే. విజయవాడ పక్కనున్న ఆ ఊళ్లోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం బొగ్గుతోనే నడుస్తుంది. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు వెనుక సగటున 700 గ్రాముల మేర కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అయినా ఉక్కు పట్టాల మీద ఉక్కు చక్రాలకు రాపిడి చాలా తక్కువ కనుక రైలును లాగడానికి పట్టే యూనిట్లే కొద్ది, వాటినీ వెయ్యి మందికి పైగా పంచుకుంటారు. బ్రిటన్ ప్రభుత్వ లెక్కల్లో రైలు ప్రయాణికుడికి కిలోమీటరుకు సుమారు 35 గ్రాములు పడితే, దేశీయ విమానంలో, ఎత్తున వెలువడే పొగల అదనపు ప్రభావంతో కలిపి, అది 200 గ్రాముల పైమాటే.

విజయవాడ ప్లాట్‌ఫారం చివర నిలబడితే ఇంకో సంగతి తెలుస్తుంది. ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం బోగీల రైళ్ల కొసన ఉండే జనరేటర్ బోగీ ఒకప్పుడు ఏసీలకూ లైట్లకూ డీజిల్ కాలుస్తూ చెవులు చిల్లులు పడేలా మోగేది. ఇప్పుడు చాలా రైళ్లలో ఆ కరెంటును ఇంజనే పై తీగ నుంచి తీసుకుని బోగీలకు అందిస్తోంది. డబ్ల్యూఏపీ-7 వంటి ఇంజన్లయితే బ్రేకు వేసినప్పుడు కొంత కరెంటును తీగకు తిరిగి పంపుతాయి కూడా.

అయితే కాలుష్యంలో రైలెక్కిన వారందరి వాటా ఒకటి కాదు, బోగీలో మనుషులు తగ్గేకొద్దీ ఒక్కొక్కరి వాటా పెరుగుతుంది. ఎల్‌హెచ్‌బీ స్లీపర్ బోగీలో 80 బెర్తులుంటే ఫస్ట్ ఏసీలో 24 మాత్రమే; బాబాయి రైలెక్కితే కూర్చునేది అందులోనే, ఆ మాట ఆయనతో అంటే నవ్వేస్తారు.

రైలులో రెండున్నర గంటల్లోపు చేరగలిగే కొన్ని దారుల్లో విమానాలను ఫ్రాన్స్ 2023లో నిషేధించింది. ఆ కొలత ఇక్కడ పనికిరాదు, వందేభారత్‌కే సికింద్రాబాద్ చేరడానికి నాలుగు గంటలు దాటుతుంది. గుంటూరు నుంచి నడికుడి మీదుగా హైదరాబాద్ పోయే దారిలోనైతే ఒంటి లైను ఉన్నచోట ఎదురు రైలు కోసం క్రాసింగులో ఆగక తప్పదు. నా దృష్టిలో బాబాయిని విమానం మానమనడం కన్నా ముందు జరగవలసింది అక్కడ రెండో లైను పడటం.