తోడు తల్లుల సేవ: నమూనా చెదరకుండా నిలుపుకున్న తీరు

కోనసీమలో, రక్షణ అవసరమైన పిల్లలు ఎక్కడ ఉండాలో నిర్ణయించే బాలల సంక్షేమ సమితి ముందుకు వచ్చే కుటుంబాలతో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో నేను సమన్వయకర్తను. బిడ్డ హోంలో ఉన్న తల్లిదండ్రులకు, ఒకప్పుడు అదే కష్టం పడి తమ బిడ్డను ఇంటికి తెచ్చుకున్న మరో తల్లినో తండ్రినో తోడుగా ఇచ్చే సేవను అమలాపురం చుట్టుపక్కల ప్రారంభించాము. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో నడుస్తున్న పేరెంట్ పార్ట్‌నర్ విధానం మాకు నమూనా.

2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను హోం వంటి సంస్థలో ఉంచడం చివరి మార్గం కావాలి. బిడ్డను తన ముందు మొదటిసారి హాజరుపరచిన నాటి నుంచి నాలుగు నెలల్లో సమితి తుది ఉత్తర్వు ఇవ్వగలిగేలా విచారణ సాగాలి. వ్యవధి ఇంత తక్కువ గనుక నమూనాలో ఏవి మార్చవచ్చో, ఏవి మార్చకూడదో ముందే కాగితం మీద పెట్టుకున్నాము. తోడు వచ్చే మనిషికి స్వానుభవం ఉండాలి, భేటీ ముఖాముఖిగా జరగాలి, ఆ మనిషి తనిఖీదారు కాకూడదు, ఆమె పనిని ఒకరు క్రమం తప్పకుండా చూస్తూ చర్చిస్తూ ఉండాలి: ఇవి కదపరానివి. భేటీ ఎక్కడ, ఏ వేళ అన్నది మా ఇష్టం. పల్లెల్లో అందరికీ అందరూ తెలిసినవారే కాబట్టి, తోడు తల్లిని వైనతేయ నదికి అవతలి ఊరి నుంచి పంపించడం మేము చేర్చుకున్న మార్పు. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనిలో ఉండి అమ్మమ్మే బిడ్డను పెంచుతున్న ఇళ్ళలో అమ్మమ్మతో భేటీ, తల్లితో వాట్సాప్‌లో మాట ఉండాలన్నాము. దీనిపై మాలో చాలా వాదన జరిగింది. పెంచే చేయి ఎవరిదైతే వారికే తోడు కావాలన్నది నా అభిప్రాయం.

అన్నిటికన్నా గట్టి ఒత్తిడి మనుషుల కొరత వల్ల వచ్చింది. డ్వాక్రా యానిమేటర్లను తీసుకుంటే సేవ త్వరగా విస్తరిస్తుందని చాలామంది చెప్పారు. వారు సమర్థులే, ఊరు తెలిసినవారే. అయినా ఎందుకు ఒప్పుకోలేదో ఒక లంక గ్రామంలో నేను పక్కన కూర్చుని గమనించిన భేటీ చెబుతుంది. ఆ ఇంటి తల్లి తలెత్తకుండా కొబ్బరి ఈనెలు చీరుతూ, అడిగినదానికల్లా ఊఁ కొడుతున్నది. తోడు తల్లి సలహా ఏదీ చెప్పలేదు. "మా వాణ్ణి మొదటిసారి చూడ్డానికెళ్తే నా దగ్గరికి రాలేదమ్మా. ఆయా కొంగు పట్టుకుని నిలబడిపోయాడు" అన్నది. కత్తి కింద పెట్టి ఆ తల్లి అడిగింది: "మళ్ళీ ఎప్పుడెళ్ళారండి?" ఎంత శిక్షణ పొందినా ఆ మాట చెప్పగలిగేది అనుభవించినవారే.

నమూనా ఒక్కసారిగా చెడదు, రోజువారీ పనిలో మెల్లగా జారుతుంది. భేటీ రిజిస్టరులో ఒక దశలో పేజీ తరువాత పేజీ ఆధార్, రేషన్ కార్డు, మిషన్ వాత్సల్య పథకం కింద బిడ్డ పోషణకు నెలకు 4,000 రూపాయలు ఇచ్చే స్పాన్సర్‌షిప్ దరఖాస్తు అనే మాటలతోనే నిండిపోయింది. అవన్నీ ఆ ఇంటికి అవసరమే. కానీ ఆ పనుల్లో పడి తల్లి భయం గురించిన మాట ఒక్కటీ నమోదు కాలేదు. దరఖాస్తులను సామాజిక కార్యకర్తకు అప్పగించి, రిజిస్టరులో మొదటి గడిని "ఈ రోజు తల్లి తానై చెప్పిన మాట" అని మార్చాము. ఆ తరువాత చర్చ సమావేశాలు ఆ గడితోనే మొదలయ్యేవి.

ఇంటి పరిస్థితిపై తోడు తల్లి నుంచే నివేదిక కావాలని ఒక అధికారి అడిగినప్పుడు, ఆ పని చేస్తే ఏ తల్లీ ఆమెతో మనసు విప్పదని రాతపూర్వకంగా వివరించాము. బిడ్డకు ప్రమాదం ఉన్నప్పుడు తప్పక తెలియజేస్తామని, ఆ సంగతి తల్లికి మొదటి రోజే చెబుతామని కూడా రాశాము. సామాజిక విచారణ నివేదిక సామాజిక కార్యకర్త నుంచే వెళ్ళడానికి వారు అంగీకరించారు.

వరద కాలంలో లంకలకు దారి తెగినప్పుడు ముఖాముఖి కుదరక ఫోనులోనే మాట్లాడాము. పునరావాస కేంద్రంలో తల్లులందరినీ కూర్చోబెట్టి జరిపిన సమావేశాన్ని మాత్రం భేటీగా లెక్కలో వేయలేదు.

నరసాపురం వైపు కూడా ఈ సేవ కావాలని ఇప్పుడు అడుగుతున్నారు. అక్కడ బిడ్డలను ఇంటికి తెచ్చుకున్న తల్లిదండ్రుల్లో తోడుగా నడవడానికి ముందుకు వచ్చేవారు దొరికి, వారి శిక్షణ పూర్తయ్యాకే మొదలుపెడతామని చెప్పాము.