ఇంటర్వ్యూలో బాడీలైన్: నా ప్రిపరేషన్ అనుభవం

సివిల్స్ రిజల్ట్ వచ్చింది, లిస్టులో నా పేరుంది! ప్రిలిమ్స్, మెయిన్స్ గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, నేను ఇంటర్వ్యూలో హాబీ గురించి మాత్రమే రాస్తాను.

డాఫ్‌లో, అంటే మెయిన్స్ రాసేవాళ్లు నింపే వివరాల దరఖాస్తులో, హాబీ దగ్గర 'రెండు ప్రపంచ యుద్ధాల మధ్య క్రికెట్ చరిత్ర' అని రాశాను. మాక్ ఇంటర్వ్యూల్లో అందరూ తీసేయమన్నారు, యోగా పెట్టుకోమన్నారు. నేను వినలేదు. చిన్నప్పటి నుంచి ఇష్టంగా చదివింది వదిలేసి, రాని యోగా గురించి బోర్డు ముందు ఎందుకు మాట్లాడాలి?

1930లో ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ బ్రాడ్‌మన్ ఒకే సిరీస్‌లో 974 పరుగులు, 1932 జూన్‌లో లార్డ్స్‌లో మన తొలి టెస్టు, 1938 ఓవల్‌లో ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ హటన్ 364. ఇవి ఎవరైనా బట్టీ పట్టొచ్చు. నేను మాత్రం ఒక్క సిరీస్ పట్టుకుని చివరిదాకా వెళ్లాను, ఆస్ట్రేలియాలో ఇంగ్లండ్ ఆడిన 1932-33 బాడీలైన్. బ్రాడ్‌మన్‌ను కట్టడి చేయడానికి ఇంగ్లండ్ కెప్టెన్ జార్డిన్ లెగ్ సైడ్ (బ్యాట్స్‌మన్ కాళ్ల వైపు) నిండా ఫీల్డర్లను పెట్టి, ఫాస్ట్ బౌలర్ లార్వుడ్ చేత ఒంటి మీదకి బంతులు వేయించాడు, అదే బాడీలైన్. సిరీస్ 4-1తో గెలిచాడు కూడా.

బోర్డులో ఒక మెంబర్ సరిగ్గా అక్కడే పట్టుకున్నారు: "అప్పటి రూల్స్ ప్రకారం అది తప్పు కాదు కదా, మరి అంత గొడవ ఎందుకు?" ఇది అచ్చంగా ఎథిక్స్ పేపర్ ప్రశ్నే. అదే జట్టులోని అలెన్ అలా వేయనని కెప్టెన్‌కి చెప్పి, తన పద్ధతిలోనే వేసి 21 వికెట్లు తీశాడని చెప్పాను. అప్పట్లో ఇంగ్లండ్‌కే ఆడుతూ, లెగ్ సైడ్ ఉచ్చులో ఫీల్డర్‌గా నిలబడనన్న మన పటౌడీ నవాబు, సిడ్నీలో సెంచరీ కొట్టి కూడా రెండో టెస్టు తర్వాత జట్టులో చోటు కోల్పోయాడని చెప్పాను. ఇక లార్వుడ్, గని కార్మికుడిగా పనిచేసి వచ్చినవాడు, కెప్టెన్ చెప్పినట్టే వేసి 33 వికెట్లు తీశాడు, తర్వాత క్షమాపణ చెప్పమంటే చెప్పలేదు, మళ్లీ ఇంగ్లండ్‌కి ఆడలేదు. ఆర్డర్ వేసిన జార్డిన్ మాత్రం మరుసటి శీతాకాలమే కెప్టెన్‌గా బొంబాయిలో దిగాడు, మన గడ్డ మీద తొలి టెస్టుకి, అమర్‌నాథ్ 118 కొట్టిన మ్యాచ్ అది.

"మీ కింద ఉద్యోగి మీ ఆర్డర్ వల్ల ఇరుక్కుంటే?" అని వెంటనే అడిగారు. ఆర్డర్ నాది కాబట్టి బాధ్యత నాదేనని ఫైల్లో రాసి సంతకం పెడతానన్నాను. టెన్షన్ అప్పుడే పోయింది.

ఇదేదో అదృష్టం అనకండి. రోజూ రాత్రి మిగతా సబ్జెక్టులు అయ్యాకే ఇది చదివేవాణ్ణి, ఫోన్ పక్క గదిలో పెట్టి. క్రమశిక్షణ లేకుండా హాబీ కూడా నిలవదు, మెటీరియల్ కొనడం ఆపి కూర్చుని చదవండి.

క్రికెట్ హాబీగా రాసే తెలుగువాళ్లు ఇంకో రెండు టాపిక్‌లు తప్పకుండా చూసుకోండి. ఒకటి 1926లో బాంబే జింఖానాలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు మీద సి.కె. నాయుడు 153, అందులో 11 సిక్సర్లు, ఆ తర్వాత 1928లో బీసీసీఐ ఏర్పాటు. రెండోది 1936 ఇంగ్లండ్ టూర్, కెప్టెన్ విజ్జీ, అంటే విజయనగరం మహారాజకుమార్, టూర్ మధ్యలోనే అమర్‌నాథ్‌ను ఇంటికి పంపేయడం. నన్ను రెండోది అడిగారు.