మెయిన్‌లైన్‌కు దూరంగా ఉంచిన డ్రైవర్

జర్మనీలోని న్యూరెంబర్గ్‌కు వెళ్ళి ఏడాదైనా నిండకముందే, మా సంస్థ కంట్రోలర్లలో నడిచే లినక్స్ కెర్నెల్‌ను, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని, 4.9 వెర్షన్ నుంచి 5.10కు మార్చే పని నాకు అప్పగించారు. కష్టమంతా మా సెన్సర్‌ను కెర్నెల్‌తో కలిపే డ్రైవర్ కోడ్ దగ్గరే ఎదురైంది. దాన్ని ఏళ్ళ తరబడి మెయిన్‌లైన్‌కు, అంటే అందరూ ఉమ్మడిగా నిర్వహించే అసలు కెర్నెల్ కోడ్‌కు, పంపకుండా సంస్థ సొంత రిపోజిటరీలోనే ఉంచుకున్నారు.

కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే మొదటి కంపైల్‌లోనే ‘సెటప్_టైమర్’ అనే ఫంక్షన్ లేదని ఎర్రర్ వచ్చింది. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో వెతికితే, 2018 జనవరిలో వెలువడిన 4.15లో దాన్ని తొలగించారనీ, ఇప్పుడు ‘టైమర్_సెటప్’ వాడాలనీ తెలిసింది. పాత పద్ధతిలో టైమర్ పిలవవలసిన ఫంక్షన్ చిరునామా, దానికి అందించే విలువ మెమరీలో పక్కపక్కనే ఉండడం వల్ల, హద్దు దాటి రాయగలిగిన దుండగుడికి రెండూ ఒకేసారి చిక్కే ప్రమాదం ఉండేది. అందుకే ఆ విలువను తీసివేసి, కెర్నెల్‌లో దాన్ని వాడుతున్న వందలాది చోట్లను కూడా ఆ మార్పు తలపెట్టినవారే సరిదిద్దారు. ప్రతి మార్పుకూ కారణం రాసి ఉంది. మా డ్రైవర్ చరిత్రలో మాత్రం ‘సరిచేశాను’ అన్న జర్మన్ మాట తప్ప ఏమీ లేదు. అది రాసినాయన ఉద్యోగం మానేసి వెళ్ళిపోయారు.

లైనస్ తొర్వాల్డ్స్ 1991లో ఇంటెల్ 386 ప్రాసెసర్ ఉన్న యంత్రం మీద మొదలుపెట్టినప్పుడు సుమారు పదివేల వరుసలున్న ఈ కెర్నెల్ నేడు కోట్ల వరుసలకు చేరింది. ఆ పెరుగుదల కంటే నాకు గొప్పగా తోచేది తీసివేయడంలోని ధైర్యం: 2012 డిసెంబరులో ఆ 386కే మద్దతు తొలగించారు. కెర్నెల్ మీద నడిచే ప్రోగ్రాములు చెడకూడదన్న నియమం ఎంత గట్టిదో, కెర్నెల్ లోపలి భాగాలు ఒకదాన్నొకటి పిలుచుకునే ఇంటర్‌ఫేస్‌లకు ఏ హామీ లేదన్న నియమమూ అంత గట్టిదే. మెయిన్‌లైన్‌లో ఉన్న కోడ్‌ను మార్పు చేసినవారే సరిదిద్దుతారు. బయట ఉంచుకున్న కోడ్ బాగోగులు ఉంచుకున్నవారే చూసుకోవాలి. మాకు ఆ పనికి నాలుగు నెలలు పట్టింది.

ఆ తరువాత డ్రైవర్‌ను మెయిన్‌లైన్‌కు పంపుదామని మా మేనేజర్‌ను ఒప్పించాను. కెర్నెల్‌లో ఆ భాగాన్ని చూసుకునే మెయింటైనర్ మూడుసార్లు తిప్పి పంపారు. ఒకసారి, ఒకే ప్యాచ్‌లో, అంటే ఒకే మార్పుల కట్టలో, రెండు పనులు కలిపానని. ఆయన అన్నది నిజమే. నాలుగో ప్రతిని తీసుకున్నారు. ఆఫీసు కాగితాలన్నీ ఇంటిపేరుతోనే వచ్చే దేశంలో, పంపినవారి సంతకం లాంటి ‘సైన్డ్ ఆఫ్ బై’ ఎదుట నా పేరును అమ్మానాన్నలు పెట్టినట్టుగానే చూసుకున్న ఆ రోజును మరిచిపోలేను.

ఏడాది తరువాత ఆ ఫైలు చరిత్ర తెరిస్తే, ముక్కూమొహం తెలియని ఒకాయన ఏదో ఇంటర్‌ఫేస్ మారుస్తూ మా డ్రైవర్‌లోనూ రెండు వరుసలు సరిదిద్ది, కింద కారణం రాసి పెట్టారు. మమ్మల్ని అడగవలసిన అవసరమే ఆయనకు రాలేదు. కొత్త కెర్నెల్‌తో అది ఒక్క ఎర్రరూ లేకుండా కంపైల్ అయింది.