రెండు కట్టల బీడీలు

2023 డిసెంబరులో నా గొంతు పోయింది. రేపల్లె చుట్టుపక్కల సెమీ క్రిస్మస్ మీటింగులంటే పాస్టరుగా నాకు నెలంతా రోజుకో ఊరు, కొన్ని రోజులు రెండేసి. ఎదురుగా మైకున్నా అరిచి చెప్పడం నాకలవాటు. అరవకపోతే వాక్యంలో బలం లేదనుకుంటారని లోపల బెరుకు. ముప్పై ఒకటో తారీఖు రాత్రి ఆరాధన ముగిసేసరికి పూర్తిగా బొంగురుపోయింది.

సంక్రాంతి వెళ్ళినా తగ్గలేదు. మిరియాల పాలు తాగాను, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకున్నాను, అతిమధురం నమిలాను. సంఘంలో ఒక పెద్దాయన మాత్రం మందేమీ చెప్పలేదు. "జెకర్యాకి కూడా మాట పడిపోయింది గదా అయ్యగారూ. ఎందుకో మీకు తెలియందేముంది" అన్నాడు. బైబిల్లో దూత మాట నమ్మనందుకు జెకర్యా మూగవాడయ్యాడు. అంటే నాకు విశ్వాసం తక్కువైందని. ఆస్పత్రికి పోతే ఇంకా తక్కువైనట్టు. ఆ కథ రాసిన లూకా వైద్యుడేనని, కొలొస్సయులకు రాసిన పత్రికలో ఆ మాట ఉందని జవాబు చెప్పబోయాను. గొంతు పెగల్లేదు.

ఫిబ్రవరి 14, భస్మ బుధవారం. ప్రార్థన మధ్యలో గాలి తప్ప ఏమీ రాలేదు. మర్నాడే మా ఆవిడ నన్ను గుంటూరు రైలెక్కించింది.

డాక్టరు గొంతులోకి కెమెరా పంపి తెర మీద చూపించాడు. ఎడమ స్వరతంత్రి మీద పెసరగింజంత బుడిపె. పాలిప్ కావచ్చు, తీసి పరీక్షకు పంపితే గానీ చెప్పలేను అన్నాడు. తర్వాత కాగితం ముందుకు లాక్కున్నాడు.

"పొగ తాగేవారా?"

"మానేసి పందొమ్మిదేళ్ళయిందండీ. బీడీలు."

"రోజుకి ఎన్ని?"

నా సాక్ష్యంలో అది రెండు కట్టలు. రక్షణ పొందకముందు రోజుకు రెండు కట్టలు కాల్చేవాణ్ణని ఎన్ని స్టేజీల మీద చెప్పానో లెక్కలేదు. జనం ముందు అయ్యో అనేవాళ్ళు, ఆ తర్వాత స్తోత్రం అనేవాళ్ళు. మొదట్లో ఒక కట్టే అనేవాణ్ణి, ఏ మీటింగులో రెండైందో గుర్తులేదు. ఇక్కడ మాత్రం డాక్టరు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు, ఏది చెబితే అది రాసుకుంటాడు.

"ఐదారండీ."

"కట్టలా?"

"బీడీలు."

పక్కన మా ఆవిడ బ్యాగు జిప్పు ఒకసారి తీసి, మళ్ళీ వేసింది. ఏమీ అనలేదు. తిరుగు ప్రయాణంలో తెనాలి దాటాక అడిగింది, "నిజంగా ఐదారేనా?" అని. కూలి డబ్బులు చేతికొచ్చిన రోజు పది, అన్నాను. కిటికీలోంచి చూస్తూ నవ్వింది.

మార్చి మొదటి వారంలో ఆపరేషను. చీటీ పాడి డబ్బు తెచ్చింది ఆవిడే. మత్తిచ్చి నోట్లోంచే తీశారు, బయట కోత లేదు, మర్నాడు పంపించేశారు. వారం రోజులు ఒక్క మాట కూడా కూడదన్నారు. గుసగుస కూడా వద్దట, దానివల్లా తంత్రులు ఒత్తుకుంటాయట. రాత్రి పొద్దుపోయి తిని వెంటనే పడుకుంటే కడుపులో ఆమ్లం గొంతుదాకా వస్తుందని కూడా చెప్పారు. పల్లె మీటింగులయ్యాక పదకొండింటికి పెట్టే బిర్యానీ గుర్తొచ్చింది.

పిల్లల పలక ఒకటి నాకిచ్చారు. మూడోనాడు ఒక ముసలమ్మ కొబ్బరినూనె సీసాతో వచ్చింది, ప్రార్థన చేసిమ్మని. పలక మీద రాసి చూపించాను. ఆమెకు చదువు రాదని తర్వాత తట్టింది. గొంతు పట్టుకుని సైగ చేశాను. "సర్లే, నువ్వూరుకో అయ్యా, నేనే చేస్తా" అని సీసా నా ఒళ్ళో పెట్టి మొదలుపెట్టింది. గేదె వట్టిపోయిన సంగతి, కోడలు పుట్టింటికి పోయిన సంగతి దేవుడికి వరసగా అప్పజెప్పింది. చివర్న "ఈయనకి గొంతియ్యి. కాస్త చిన్నదే ఇయ్యి, మైకు ఉంది గదా" అంది. ఆమేన్ అనడానికి నోరు తెరిచి, మూసుకున్నాను.

పరీక్షలో కేన్సరు లేదని వచ్చింది. ఆ తర్వాత కసరత్తులు. గ్లాసు నీళ్ళలో స్ట్రా పెట్టి, బుడగలు తెప్పిస్తూ ఊఁ అనాలి, రోజుకి నాలుగైదు సార్లు. మా చిన్నాడు పక్కన ఇంకో గ్లాసు పెట్టుకుని నాతో పోటీ.

ఏటా మంచి శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీదా నేనే ప్రసంగం చెప్పేవాణ్ణి. ఈసారి ఏడుగురికి పంచాం. ఐదోది, దాహం మాట, మా ఆవిడకొచ్చింది. మా వీధి కుళాయి దగ్గర బిందెల వరసతో మొదలుపెట్టింది, ఎనిమిది నిమిషాల్లో ముగించింది. వెనక వరస ఆడవాళ్ళు కళ్ళొత్తుకోవడం చూశాను. నాకు కొంచెం అసూయ కలిగిన మాట నిజం.

మార్చి 31, ఈస్టరు. పది నిమిషాలే మాట్లాడమన్నారు. సాక్ష్యం చెప్పాను. రోజుకి ఐదారు బీడీలు కాల్చేవాణ్ణి అన్నాను. ఎవరూ అయ్యో అనలేదు.

ఆరాధన అయ్యాక జెకర్యా పెద్దాయన గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకున్నాడు.

"వందనాలయ్యగారూ. మరి రెండు కట్టలనేవోరు గదా?"